ఎడమ తలుపు జేబు

పొయ్యి మీద పెనం కాగుతోంది. కెరోలిన్ జొన్నపిండి ముద్దను పీట మీద పెట్టి అరచేత్తో తడుతూ ఉండగా ఫోన్ మోగింది. రెండు చేతులకూ పిండి. చిటికెన వేలి కణుపుతో తెర నొక్కి, స్పీకర్ పెట్టి, "ఏమప్పా?" అంది.

అటువైపు నుంచి జవాబు లేదు. ఆమెకు ఫోన్ కలిపిన భర్త స్టీవెన్, ఆమె ఎత్తేలోపే పక్కనున్న ఎవరితోనో మాటల్లో పడ్డాడు. ఫోన్ జేబులో ఉన్నట్టుంది, గుడ్డ రాసుకుంటున్న చప్పుడు. ఆ చప్పుడు మధ్య నుంచి అతని గొంతు స్పష్టంగానే వినిపించింది.

"నా తప్పు యాడుండాది సార్ ఇందులో? మా ఇంట్లో కుట్నారు. ఆడోళ్లకు కొలతలేం తెలుస్తాయి? ఇంట్లో కూర్చొని సుమ్నే, ఊరికే కుట్టి ఇచ్చేస్తారు. ఈడికొచ్చి బిగిస్తే హ్యాండిలే పట్టల్లేదు."

పీట మీద రొట్టె అంచు చీలింది. కెరోలిన్ దాన్ని మళ్లీ ముద్ద చేసి, కాస్త వేడినీళ్లు చిలకరించి, మొదటి నుంచి తట్టడం మొదలుపెట్టింది. ఫోన్ దానంతటదే ఆగిపోయింది.

ఇంట్లో. ఈ మాటకు ఆమె పందొమ్మిదేళ్లుగా అలవాటుపడింది. బళ్లారి కౌల్ బజార్‌లో స్టీవెన్‌కు కార్ల సీట్లు కుట్టే షాపు ఉంది. బోర్డు మీద పెద్ద అక్షరాలతో స్టీవెన్ కుషన్ వర్క్స్ అని రాసి ఉంటుంది. పాత సీట్లు విప్పడం, కొత్తవి బిగించడం, కారు యజమానులతో నవ్వుతూ మాట్లాడటం స్టీవెన్ పని. కత్తిరించడం, కుట్టడం వంటింటి వెనక రేకుల కింద మిషను ముందు కెరోలిన్ పని. ఎవరైనా కుట్టు బాగుందని మెచ్చుకుంటే స్టీవెన్ తల గోక్కుంటూ, "మన పని అట్లే ఉంటాది సార్" అంటాడు. ఎక్కడైనా ముడత పడితే, "ఇంట్లో కుట్నారు సార్, సరిచేపిస్తా" అంటాడు. మంచిది మన పని, చెడ్డది ఇంట్లో పని. ఆయన చెడ్డవాడు కాదు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుంటే ముసలివాళ్లు కూడా మెడలు తిప్పి చూస్తారు. ఆమెకు జ్వరం వస్తే తనే గంజి కాస్తాడు. తను అబద్ధం చెబుతున్నానని ఆయనకు ఒక్క రోజు కూడా అనిపించి ఉండదు, కెరోలిన్‌కు ఇబ్బంది అక్కడే. అబద్ధమైతే ఎప్పుడో ఒకసారి పట్టుకోవచ్చు. నమ్మకాన్ని ఎక్కడ పట్టుకుంటాం?

పెళ్లికి ముందు ఆమె బళ్లారిలో ఒక జీన్స్ యూనిట్‌లో ఐదేళ్లు పనిచేసింది. ఒకరు కాళ్లు కుడితే ఒకరు నడుముపట్టీ వేసేవాళ్లు. కెరోలిన్‌కు ఇచ్చింది జేబులు. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా జేబులే. గీత గీయకుండా, టేపు పెట్టకుండా, రెండు జేబులూ అద్దంలో చూసినట్టు సరిగ్గా ఒకే ఎత్తున వేసేది. పెళ్లిచూపులకు వచ్చినప్పుడు స్టీవెన్ ఆ సంగతి విని, "మిషను వస్తాదంట, మా షాపుకు బాగుంటాది" అని వాళ్ల అమ్మతో గట్టిగానే అన్నాడు. అప్పుడు అందరూ నవ్వారు. కెరోలిన్ కూడా నవ్వింది. అది నిజంగానే సంతోషంగా నవ్విన నవ్వు. తన పని ఎవరికో కావాలన్న మాట విని ఇరవై మూడేళ్ల పిల్ల నవ్వకుండా ఎలా ఉంటుంది?

ఇప్పుడు చిక్కులో పడిన కారు సిరుగుప్ప దగ్గర సరోజినీదేవి గారిది. కెంచనగుడ్డకు రెండు మైళ్ల ఇవతల వాళ్ల ఊరు. వరిమళ్లు, లారీలు, ఒక రైసుమిల్లులో భాగం ఉన్న కుటుంబం. ఆమె భర్త నారప బతికున్న రోజుల్లో, దేశం వదిలి పోతున్న గని ఇంజనీరు దగ్గర కొన్న స్పోర్ట్స్ కారు అది. ఇంగ్లండులో తయారైంది. రెండే సీట్లు, రెండే తలుపులు, మడిచిపెట్టే గుడ్డ కప్పు. నారప పోయాక ఎనిమిదేళ్లు వడ్లగోదాములో టార్పాలిన్ కింద పడి ఉంది. కొడుకు జీవన్‌కు దాన్ని మళ్లీ నిలబెట్టాలని బుద్ధి పుట్టింది. ఇంజను బెంగుళూరులో చేయించాడు. ముదురు ఆకుపచ్చ రంగు హోస్పేటలో వేయించాడు. లోపలి పని స్టీవెన్‌కు ఇచ్చాడు. ఆదివారం హోస్పేటలో పాత కార్ల ప్రదర్శన. అక్కడికి వచ్చే జీవన్ స్నేహితులకు ఇంకో తొమ్మిది పాత కార్లు ఉన్నాయి, అన్నీ లోపల చినిగిపోయినవే. "ఇది బాగొస్తే అవన్నీ నీకే స్టీవెనప్పా, లేకుంటే బెంగుళూరుకు పోతాయి" అని జీవన్ ముందే చెప్పాడు.

సీట్లు బాగా వచ్చాయి. మిగిలింది తలుపులకు లోపలివైపు బిగించే బోర్డులు, వాటి మీద జేబులు. స్టీవెన్ పాతవి రెండూ విప్పి ఇంటికి తెచ్చాడు. చెమ్మకు ఉబ్బి, అంచులు పొరలు పొరలుగా ఊడుతున్న హార్డుబోర్డు, దాని మీద పలుచని స్పాంజి, ఆ పైన ఎండుమిరపకాయ రంగు రెక్సిన్, కింది సగంలో ఎలాస్టిక్ సాగిపోయిన జేబు. "జేబు ఎందుకు? ప్లేనుగా లాగేసి ఒక స్పీకర్ పెడదాం, లుక్కొస్తాది" అన్నాడు స్టీవెన్. కారు పెద్దామెది, జేబు కచ్చితంగా ఉండాలని ఆమే చెప్పిందట, ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆయన నవ్వాడు. "ముసలామెకు కార్లో జేబంట."

కెరోలిన్ నవ్వలేదు. పాత జేబును దారం దారం విప్పి నమూనా తీసింది. ఆ తర్వాత స్పాంజి విషయం వచ్చింది. "పాతదానికి నాలుగు మిల్లీమీటర్లే ఉండాది. అంతే వేద్దామప్పా" అంది ఆమె. "నీకేం తెలుసు? చెయ్యి ఆనిస్తే దిండు మాదిరి ఉండల్ల. పది వెయ్యి" అన్నాడాయన. ఆమె పది వేసింది. ఆ ఒక్కసారి చెప్పి ఎందుకు ఊరుకున్నాను అని ఇప్పుడు రొట్టె పెనం మీద వేస్తూ అనుకుంది. రెండోసారి చెప్పి ఉంటే కొట్టేవాడా? లేదు. తిట్టేవాడా? అదీ లేదు. మూతి ముడుచుకుని పక్కగదిలోకి పోయేవాడు, అంతే. ఆ ముడుచుకున్న మూతిని మళ్లీ విప్పే పని కూడా తనదే కాబట్టి, ఆ చాకిరీ తప్పించుకోవడానికి పందొమ్మిదేళ్లుగా ఒక్కసారి చెప్పి ఊరుకుంటోంది. స్పాంజి మందం తెలియని భర్తకన్నా, తెలిసి మాట మింగిన తన మీదే ఆమెకు ఎక్కువ కోపం వచ్చింది. ఆ కోపం మాత్రం ఎందుకో హాయిగా ఉంది. ఆకలి వేసినట్టుగా ఉంది.

స్టీవెన్ ఆ శుక్రవారం సాయంత్రమే ఇంటికి వచ్చాడు. బోర్డులు కారు దగ్గరే వదిలేసి వచ్చాడు. "ఆ పని ఇంక వద్దు. ఫోన్ ఆఫ్ చేసినా. నడుము పట్టుకునింది" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

శనివారం తెల్లవారి ఆరింటికి కెరోలిన్ సంచి సర్దుతోంది. నాలుగు మిల్లీమీటర్ల స్పాంజి చుట్ట, గమ్ముడబ్బా, బ్రష్షు, పెద్ద కత్తెర, గుండుసూదులు, కొక్కెం సూది, మైనం రాసిన దారం. అత్త కరుణమ్మ మంచం మీద లేచి కూర్చుని చూస్తోంది. ఆమె మిషన్ ఆస్పత్రిలో ముప్పై ఏళ్లు ఆయాగా చేసి రిటైరైన మనిషి.

"మొగోడు తనవల్ల కాదని వచ్చినాడు. నువ్వు పోయి ఏం చేస్తావు?" అంది కరుణమ్మ.

"స్పాంజి తీస్తా అత్తా."

"అంతేనా?"

"అంతే."

కరుణమ్మ దుప్పటి పక్కకు నెట్టింది. తర్వాత కాళ్లు కిందికి దింపి చెప్పులు వెతుక్కుంటూ అంది: "కాన్పు గదిలో బిడ్డ అడ్డం తిరిగిందని డాక్టరమ్మ కన్నా ముందు నాకు తెలిసేది. ఆయావి నీకేం తెలుసని అనేవాళ్లు. గంట తర్వాత వాళ్లే పరిగెత్తేవాళ్లు." చెప్పులు దొరికాయి. "నువ్వు పో. రొట్టెలు నేను తడతా."

"ఆయన లేస్తే?"

"నడుము పట్టుకునిందన్నాడు కదా, యాడ లేస్తాడు?" అని కరుణమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పందొమ్మిదేళ్లలో అత్త తన వైపు నిలబడి నవ్వడం కెరోలిన్ చూసింది వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని సార్లే.

సిరుగుప్ప బస్సులో కండక్టరు "యాడికమ్మా?" అని అడిగి, ఆధార్ కార్డు చూసి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే సున్నా టికెట్టు చించి ఇచ్చాడు. కిటికీ పక్కన కూర్చుంది. ఒళ్లో సంచి. కాలవ నీళ్లు, వరినాట్లు, కొంగలు. పని మీద ఒంటరిగా ఊరు దాటడం ఆమెకు ఇదే మొదలు. పెళ్లిళ్లకు, ప్రార్థన కూటాలకు పోయింది, కానీ అవన్నీ ఎవరో ఒకరి వెంట, ఎవరో ఒకరి టిఫిన్ డబ్బా మోస్తూ. ఈ సంచిలో ఉన్నవన్నీ తన పనిముట్లే. దాని బరువు కూడా ఆమెకు నచ్చింది.

పెద్ద గేటు దగ్గర జీవన్ ఎదురొచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. ఆమె వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని రోడ్డువైపు చూశాడు.

"స్టీవెనప్పా రాలేదా?"

"ఆయనకు నడుం నొప్పి. నేనొచ్చినా. బోర్డులు కుట్టింది నేనే."

"నువ్వు బిగిస్తావా?" అన్నాడు జీవన్. వెటకారం లేదు, వట్టి ఆశ్చర్యమే. "రేపు పొద్దున ఏడుకు బయల్దేరల్ల మేము."

"అయితే నాకు ఒక పాత దుప్పటి, ఒక యూరియా సంచి ఇప్పించప్పా. మాట్లాడేకి టైం లేదు."

ఈ మాట తన నోటి నుంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. జీవన్ మాత్రం పరిగెత్తినట్టే లోపలికి వెళ్లాడు.

కారు వేపచెట్టు నీడలో ఉంది. తలుపులు రెండూ లోపలి రేకు, తీగలు, కమ్మీలు బయటికి కనిపిస్తూ ఉన్నాయి. కెరోలిన్ ముందుగా ఎడమ తలుపు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని తప్పు ఎక్కడుందో చూసింది. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. అద్దం ఎత్తి దించే హ్యాండిల్ ఒక చిన్న ఇరుసు మీద కూర్చుంటుంది. ఆ ఇరుసుకు ఒక రంధ్రం, దానిలోకి ఒక పిన్ను. బోర్డు పలుచగా ఉంటేనే ఇరుసు కొస బయటికి వచ్చి రంధ్రం కనిపిస్తుంది. పది మిల్లీమీటర్ల స్పాంజి దాన్ని మింగేసింది. అంచు దాటి వెనక్కి మడిచిన లావు స్పాంజి అడ్డుపడి, బోర్డు వెనక ఉన్న క్లిప్పులు కూడా తలుపు రంధ్రాల దాకా అందలేదు. స్టీవెన్ వాటిని సుత్తితో కొట్టినట్టున్నాడు, బోర్డు అంచున రెండుచోట్ల నెర్రెలు ఉన్నాయి.

"నిన్న అతను కొట్టిన కొట్టుడు ఇంట్లోకి వినపడింది" అంది వెనక నుంచి ఎవరో.

సరోజినీదేవి. డెబ్బై ఏళ్ల మనిషి, సన్నగా, నిటారుగా, ముతక నూలు చీరలో ఉంది. పనిమనిషి కుర్చీ తెస్తే అక్కర్లేదని చెప్పి మెట్టు మీదే కూర్చుంది.

"నీ పేరేంది?"

"కెరోలిన్ అమ్మా."

"జేబు నువ్వేనా కుట్టింది?"

"నేనే."

"నేను చెప్పినట్లే ఉండాది" అంది సరోజినీదేవి. "అతను స్పీకర్ పెడతానన్నాడు. వద్దంటే నవ్వినాడు."

కెరోలిన్ ఆమె వైపు తిరిగింది. సంచిలో నుంచి చిన్న ప్లాస్టిక్ కవరు తీసి ఇచ్చింది. పాత జేబు విప్పుతుంటే అడుగున దొరికినవి అందులో ఉన్నాయి. రెండు హెయిర్‌పిన్నులు, ఎండి రాయైన ఒక నిమ్మకాయ, వేలెడంత పెన్సిల్ ముక్క. పారేయడానికి ఆమెకు మనసొప్పలేదు.

సరోజినీదేవి పిన్నుల్ని, నిమ్మకాయను పక్కన పెట్టి పెన్సిల్ ముక్కను అరచేతిలో పెట్టుకుంది. చాలాసేపు చూసింది. తర్వాత ఉన్నట్టుండి పకపకా నవ్వింది.

"ఇదెందుకో తెలుసా? మా ఆయన కారెక్కమంటాడు. యాడికి అని అడిగితే 'కూర్చో, నీకెందుకు' అంటాడు. కోపం కాదు, ఆయన మాటే అంత. ముప్పై ఏళ్లు ఆ ఎడమ సీట్లో కూర్చున్యా. ఒక్కసారి కూడా యాడికి పోతాండామో ముందు చెప్పింది లేదు. నేనేం చేసేదాన్నంటే, దోవలో బోర్డులు, మైలురాళ్లు చూసి ఒక కాగితం మీద రాసుకునేదాన్ని. కుడతిని వచ్చిందంటే హోస్పేట దోవ. చోరనూరు వచ్చిందంటే గనుల కాడికి. ఆ కాగితం, ఈ పెన్సిలు జేబులో పెట్టేదాన్ని. కారంతా ఆయనది, ఆ జేబొక్కటే నాది."

ఆమె నవ్వుతూనే చెప్పింది. కెరోలిన్ కూడా నవ్వింది, నవ్వుతూనే బోర్డు మీది జేబును తడిమింది. జీన్స్ యూనిట్‌లో ఐదేళ్లు, రోజుకు వందల కొద్దీ జేబులు కుట్టింది. అన్నీ మగవాళ్ల ప్యాంట్లకే. ఎవరో తమ చెయ్యి పెట్టుకోవడానికి, తమ తాళాలు వేసుకోవడానికి. ఒక ఆడమనిషి కోసం తను కుట్టిన జేబు బహుశా ఇదే మొదటిది. ఆ సంగతి కుట్టేటప్పుడు తనకు తెలియదు. అయినా చెయ్యికి ఏదో తెలిసినట్టుంది, పైఅంచుకు రెండు వరసల కుట్టు వేసింది, ఎవరూ అడగకపోయినా.

పని మొదలైంది. దుప్పటి పరిచి, బోర్డులు బోర్లించి, వెనక అంటించిన రెక్సిన్ అంచుల్ని కొంచెం కొంచెంగా లేపింది. గమ్ము ఇంకా పచ్చిగానే ఉండటం అదృష్టం. లావు స్పాంజిని వేళ్లతో గీరి తీసేసింది. నెర్రెలిచ్చిన చోట వెనక పలుచని బట్టను గమ్ముతో అంటించి ఎండబెట్టింది. పలుచ స్పాంజి వేసి, మళ్లీ రెక్సిన్ లాగింది. లాగడంలోనే ఉంది పనితనమంతా. ఎక్కువ లాగితే జేబు కుట్టు వంకర పోతుంది, తక్కువ లాగితే ముడత. ముందు నాలుగు వైపులా మధ్యలో పట్టి, తర్వాత మూలలకు పోవాలి. ఎవరూ నేర్పలేదు, చపాతీ సాగదీసినట్టు చేతికే తెలుస్తుంది. మధ్యాహ్నానికి రెండు బోర్డులూ ఎండలో ఎర్రగా మెరుస్తూ ఆరుతున్నాయి. సరోజినీదేవి ఆమెను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి, తన పక్కనే కూర్చోబెట్టి అన్నం పెట్టించింది.

తిన్నాక యూరియా సంచి లోపలి ప్లాస్టిక్ కవరును తలుపు ఆకారానికి కత్తిరించి రేకు మీద అంటించింది కెరోలిన్.

"ఇదెందుకక్కా?" అన్నాడు జీవన్. పొద్దున లేని 'అక్క' అన్న పిలుపు మధ్యాహ్నానికి వచ్చింది.

"అద్దం మీద పడిన వాననీళ్లు తలుపు లోపలికే దిగుతాయి. ఇది లేకుంటే బోర్డు మళ్లీ నానుతాది. పాతది పోయింది అందుకే."

"స్టీవెనప్పా ఇది వెయ్యలేదే."

కెరోలిన్ వినపడనట్టు అద్దాన్ని మూడుసార్లు ఎత్తి దించి చూసింది. ఎక్కడా పట్టలేదు. బోర్డు పైఅంచును ముందు గాడిలో తగిలించి, అరచేత్తో ఒక్కో క్లిప్పునూ నొక్కుతూ కిందికి వచ్చింది. టక్. టక్. టక్. ఒక్కోటి కూర్చున్నప్పుడల్లా మోచేతి దాకా తెలుస్తోంది. ఏడో క్లిప్పు దగ్గర మాత్రం టక్ అనలేదు. జారి, తలుపు లోపల గలగలమంటూ అడుగుకు పోయింది.

"అయ్యో" అన్నాడు జీవన్. "అవి యాడా దొరకవు. సరిగ్గా లెక్కకు ఉండాయి."

కెరోలిన్ బోర్డు మళ్లీ విప్పింది. కవరు ఒక మూల లేపింది. రేకులో చెయ్యి పట్టే సందు సన్నగా ఉంది. జీవన్ చెయ్యి మణికట్టు దగ్గరే ఆగిపోయింది. కెరోలిన్‌ది కొంచెం లోపలికి పోయి, కుట్టుపనికి లావెక్కిన బొటనవేలి మొదట్లో ఇరుక్కుంది.

"జరుగు, నా చెయ్యి పడ్తాది" అంది సరోజినీదేవి.

"అమ్మా, నీకెందుకు, గ్రీజుంటాది" అన్నాడు కొడుకు.

ఆమె అప్పటికే గాజులు తీసి అతని చేతిలో పెట్టింది. నేల మీద కూర్చుని, చెంప తలుపుకు ఆనించి, కళ్లు మూసుకుని చెయ్యి లోపలికి పోనిచ్చింది. భుజం దాకా పోయింది. "ఏదో ఇనప కమ్మీ... తర్వాత మట్టి... ఆఁ, చిక్కింది చిక్కింది!" చెయ్యి బయటికి వచ్చినప్పుడు మోచేతి దాకా నల్లటి గ్రీజు, రెండు వేళ్ల మధ్య క్లిప్పు. డెబ్బై ఏళ్ల మనిషి బడిపిల్లలా దాన్ని ఎత్తి చూపించింది. ముగ్గురూ నవ్వారు. పనిమనిషి కూడా వంటింటి కిటికీలో నుంచి నవ్వింది.

నాలుగు గంటలకు రెండు తలుపులూ పూర్తయ్యాయి. ఎక్కడా ముడత లేదు. జేబులు రెండూ అద్దంలో చూసినట్టు ఒకే ఎత్తులో ఉన్నాయి. చివరి హ్యాండిల్ పిన్ను దింపి లేచేసరికి గేటు దగ్గర స్కూటర్ ఆగింది. స్టీవెన్. నడుము నొప్పి ఏమైందో గానీ యాభై కిలోమీటర్లు నడుపుకుంటూ వచ్చాడు. దుమ్ముకొట్టుకుపోయి, జుట్టు లేచిపోయి ఉన్నాడు. ముందు కెరోలిన్‌ను చూశాడు, తర్వాత కారును చూశాడు. ముఖంలో భయం పోయి వెలుగొచ్చింది. ఆ వెలుగుతోనే జీవన్ వైపు తిరిగాడు.

"చూసినారా సార్? ఇట్ల చెయ్యమని నేనే చెప్పి పంపించినా. ఏం లేదు, చిన్న అడ్జస్ట్‌మెంటు."

కెరోలిన్ కత్తెర తుడుస్తోంది. కోపం రాలేదు. ఇదేమిటి, కోపం రావడం లేదే అనుకుంది. కళ్ల ముందున్న తలుపు అంత నున్నగా, అంత సరిగ్గా ఉంది మరి. దాన్ని ఏ మాటా అంటుకోలేదు.

"హౌదా, అట్లనా?" అంది సరోజినీదేవి. గ్రీజు చెయ్యి ఇంకా కడుక్కోలేదు. "అయితే స్టీవెన్, ఆ ఎడమ హ్యాండిల్ తీసి మళ్లీ ఒకసారి పెట్టు. నేనూ నేర్చుకుంటా."

స్టీవెన్ నవ్వుతూ వంగాడు. హ్యాండిల్ లాగాడు. రాలేదు. తిప్పాడు. ఇటు చూశాడు, అటు చూశాడు. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి సందులో పెట్టబోయాడు.

"రెక్సిన్ కోసుకుంటాది, అది వద్దు" అంది కెరోలిన్. ఆమె గొంతు మామూలుగానే ఉంది, ఇంట్లో ఉప్పుడబ్బా ఎక్కడుందో చెప్పినట్టు. "వెనకాల బిళ్ల ఉండాది చూడు, స్ప్రింగుది. దాన్ని లోపలికి నొక్కిపెట్టు. ఇప్పుడు కనపడిందా పిన్ను? నా సూదితో తొయ్యి."

స్టీవెన్ నొక్కాడు. పిన్ను జారి ఆయన అరచేతిలో పడింది. దాన్ని కాసేపు అట్లాగే చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆయన గట్టిగా నవ్వేస్తాడని, ఏదో ఒకటి అనేస్తాడని కెరోలిన్ ఎదురుచూసింది. అనలేదు. "నాలుగు మిల్లీమీటర్లేనా వేసింది?" అన్నాడు మెల్లగా.

"ఊఁ."

"ఆ పొద్దు చెప్పినావు."

"చెప్పినా. ఇంకోసారి చెప్పల్సింది."

అంతే జరిగింది. ఎవరూ ఎవరినీ క్షమించమని అడగలేదు. స్టీవెన్ పిన్ను తిరిగి దింపడానికి మూడుసార్లు తంటాలు పడ్డాడు, నాలుగోసారి కూర్చుంది.

"బండి తీద్దాం, ఒక రౌండు చూద్దాం" అని జీవన్ తాళంచెవి తీశాడు. "స్టీవెనప్పా, రా కూర్చో."

"రెండే సీట్లుండాయి" అంది సరోజినీదేవి. కొడుకు చేతిలోంచి తాళంచెవి లాక్కుంది. "ఒకటి నాకు. ఒకటి కెరోలిన్‌కు."

"అమ్మా, గేరు గట్టిగుంటాది."

"మీ నాయన పోయినప్పట్నించి పొలానికి జీపు తోలుకొని పొయ్యేది ఎవరప్పా? నువ్వా?"

కారు గేటు దాటుతుంటే కెరోలిన్ వెనక్కి చూసింది. వేపచెట్టు కింద ఇద్దరు మగవాళ్లు, ఒకరి చేతిలో గాజులు, ఇంకొకరి చేతిలో గమ్ముడబ్బా. ఆమెకు నవ్వాగలేదు. సరోజినీదేవి గేరు మార్చింది. కారు ఒకసారి దగ్గి ముందుకు దూకింది. కప్పు మడిచి ఉంది. గాలి సూటిగా మొహానికి కొట్టింది. కెరోలిన్ అద్దం దించింది, హ్యాండిల్ వెన్నలా తిరిగింది.

తారురోడ్డు రెండుగా చీలే చోట సరోజినీదేవి బ్రేకు మీద కాలు పెట్టింది.

"యాడికి పోదాం?"

కెరోలిన్ రెండు దారుల వైపూ చూసింది. ఆ మాట పొద్దున బస్సులో కండక్టరు కూడా అడిగాడు, కానీ అది టికెట్టు చించడానికి. ఎక్కడికి పోవాలని ఉందో చెప్పు, అటే తిప్పుతాను అని స్టీరింగు పట్టుకుని తనను ఎవరూ అడగలేదు. నాయన అడగలేదు, అన్న అడగలేదు, స్కూటర్ నడిపే భర్త అడగలేదు. ఇంత చిన్న ప్రశ్నకు ఇంతసేపు ఆలోచించాల్సి వచ్చినందుకు సిగ్గేసింది. సరోజినీదేవి తొందరపెట్టలేదు. ఇంజను గుర్రుమంటూ ఎదురుచూసింది.

"ఏటి కాడికి" అంది చివరికి.

కెంచనగుడ్డ దగ్గర తుంగభద్ర వెడల్పుగా, మెల్లగా పోతోంది. బండల మీద బట్టలు ఆరేసిన ఆడవాళ్లు కారును చూసి చేతులు ఊపారు. నడిపేది ఎవరో గుర్తుపట్టి ఇంకా గట్టిగా ఊపారు. సరోజినీదేవి హారను రెండుసార్లు కొట్టింది. ఇద్దరూ దిగి నీళ్లలో గ్రీజు చేతులు కడుక్కున్నారు. గ్రీజు పూర్తిగా పోలేదు.

"రేపు హోస్పేటకు జీవన్ పక్కన కూర్చొని పోవల్లని అనుకునింటి" అంది సరోజినీదేవి, చేతులు ఇసుకతో రుద్దుతూ. "ఇప్పుడేం అనుకుంటాండానంటే, నేనే నడుపుతా. వానికి కావల్లంటే ఎడమపక్క కూర్చోనీ. జేబు చాలా బాగుండాది, వానికీ నచ్చుతాది."

తిరిగి వచ్చేసరికి ఎండ దిగింది. స్టీవెన్ దుప్పటి మడిచిపెట్టి, రాలిన స్పాంజి ముక్కలన్నీ ఏరి సంచిలో వేశాడు. ఆయన తన పని తర్వాత చెత్త ఎత్తడం కెరోలిన్ ఎన్నడూ చూడలేదు. ఈసారి పని ఆయనది కాదు కాబట్టి ఎత్తినట్టున్నాడు. ఆమె పనిముట్లు ఒక్కొక్కటే సంచిలో పెట్టుకుంటోంది. జీవన్ తలుపు తెరిచి మూసి, తెరిచి మూసి, ఆ చప్పుడు వింటూ స్టీవెన్‌తో అన్నాడు:

"మావాళ్ల తొమ్మిది కార్లూ మీకే స్టీవెనప్పా. మొదటిది చోరనూరులో ఉండాది. కారు కదల్దు, ఆడికే పోయి చెయ్యల్ల. అక్కను ఎప్పుడు పంపిస్తావు?"

స్టీవెన్ ముఖం చాటంత అయింది. "మంగళవారం పంపిస్తా సార్. పొద్దున్నే నేనే దింపొస్తా."

"మంగళవారం నాకు వీలు కాదు జీవనప్పా" అంది కెరోలిన్, సంచి మూతి ముడివేస్తూ. "బుధవారం వస్తా. బస్సులో వస్తా."

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. మెట్టు మీద సరోజినీదేవి గాజులు వేసుకుంటున్నదల్లా ఆగింది.

"మంగళవారం ఏముండాది నీకి?" అన్నాడు స్టీవెన్.

"ఉండాది" అంది కెరోలిన్.

మంగళవారం ఆమెకు ఏ పనీ లేదు.